శనివారం తోడు

"మీ పై గదిలో ఉన్న అమ్మాయి ఎప్పుడు పోయింది?" ప్రైవేట్ డిటెక్టివ్ కల్పలత అడిగింది.

"శుక్రవారం సాయంత్రం మేడం. దీపాలు పెట్టే యాళ్ళకు."

"దేంట్ల పోయింది?"

"ఆటోల."

"మీరు చూసిన్రా?"

"నేను దుకాణంల ఉన్న. మా అమ్మ చూసింది." ఓంప్రకాశ్ తడుముకోకుండా చెప్పాడు.

"పొద్దున స్టేషన్ల 'నేనే చూసిన' అన్నరట."

ఓంప్రకాశ్ ఇన్‌స్పెక్టర్ హరికిషన్ వైపు చూశాడు. హరికిషన్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. తొందరగా తేల్చుకుని వెళ్ళిపోవాలని అతను నిలబడిన తీరులోనే తెలుస్తోంది.

"మనిషి పరేషాన్‌ల ఉన్నడు మేడం. మాటలు పట్టుకుని ఏం చేస్తరు?"

"మాటలు పట్టుకునుడే నా పని ఇన్‌స్పెక్టర్ గారూ. మనుషుల్ని పట్టుకునుడు మీ పని. మీరు పట్టుకున్న మనిషే తప్పు."

లాలాగూడలో ఓంప్రకాశ్‌కు పూజా సామాను దుకాణం, దాని వెనకే రెండంతస్తుల ఇల్లు ఉన్నాయి. కింద అతనూ అతని తల్లి పుష్పమ్మా ఉంటారు. పై గదిలో టాంజానియా నుంచి చదువుకోడానికి వచ్చిన అక్కచెల్లెళ్ళు నీమా, జవాది అద్దెకుండేవాళ్ళు. పరదేశం వాళ్ళను ఇంట్లో పెట్టుకుంటే ఒక్క రోజులో ఆన్‌లైన్‌లో నమోదు చేయాలని చట్టం ఉంది. ఓంప్రకాశ్ చేయలేదు. ఇంటి యజమాని నమోదు చేయకపోతే ఆ అమ్మాయిలకు తాము ఎక్కడుంటున్నామో చూపించుకునే దారి లేదు. వాళ్ళు అడిగినప్పుడల్లా రేపు చేస్తానన్నాడు. ఆ రేపు కోసం నీమా అతని ఇంట్లో అంట్లు తోమింది, బట్టలు ఉతికింది, పుష్పమ్మ కాళ్ళు పట్టింది. ఎదురు మాట్లాడితే పోలీసులకు చెప్తాననేవాడు. దొంగతనం చేసినవాడే దొంగను పట్టిస్తానని బెదిరించినట్టు ఉండేది.

పోయిన వారం నీమాకు జ్వరం వచ్చింది. శుక్రవారం పొద్దున జవాది పరీక్ష రాయడానికి వరంగల్ వెళ్ళింది. తను ఉంటానంటే అక్కే బలవంతంగా పంపింది. ఆదివారం తిరిగి వచ్చేసరికి గది కడిగి ఉంది. అక్క లేదు, అక్క పెట్టె లేదు. జవాది ఏడుస్తూ స్టేషన్‌కు వెళ్తే, హరికిషన్ అడిగిన మొదటి ప్రశ్న "నీ రిజిస్ట్రేషన్ ఎక్కడుంది?" అని. సోమవారం ఆమె కల్పలత దగ్గరకు వచ్చింది. ఈ రోజు మంగళవారం. పొద్దున్నే హరికిషన్ రిజిస్ట్రేషన్ లేదని ఆమెను పట్టుకుని స్టేషన్‌లో పెట్టాడు. రేపు పొద్దున జవాదిని విదేశీయుల నిర్బంధ కేంద్రానికి పంపుతారు, అక్కడి నుంచి దేశం దాటిస్తారు. ఆమె వెళ్ళిపోతే నీమా ఏమైందని అడిగే మనిషి ఈ ఊళ్ళో ఒక్కరు కూడా మిగలరు.

కల్పలత హరికిషన్ పై అధికారి దగ్గర ఈ ఇల్లు చూసే అనుమతి తెచ్చుకుంది. ఈ ఒక్క పూటకే.

"అది పారిపోయింది," అన్నాడు హరికిషన్ మెట్లు ఎక్కుతూ. "రిజిస్ట్రేషన్ లేదు, పట్టుకుంటరని భయం. పారిపోయింది. చెల్లెకు తెలుసు, దాస్తున్నది."

"తెలిస్తే స్టేషన్‌కు ఎందుకొస్తది?"

"మేడం, రికార్డుల రాని మనిషి తప్పిపోవుడేంది? సర్కారు లెక్కల ఆ పిల్ల ఈ ఇంటికి రానే రాలేదు. రానోళ్ళను నేనెక్కడ వెతకాలె?"

"లెక్కల లేని మనిషి తోమిన పళ్ళాలల్ల ఈ ఇంట్ల రోజూ తిన్నరు. అప్పుడు మంచిగనే కనబడ్డది."

వెనక వస్తున్న ఓంప్రకాశ్ దగ్గాడు.

గది తలుపు తీయకముందే కల్పలత ఆగింది. తలుపుకు బయటి వైపు ఒక గడియ ఉంది. తలుపు పాతది, రంగు వెలిసిపోయింది. గడియ మాత్రం కొత్తది. మేకులు ఇంకా మెరుస్తున్నాయి, మేకుల కింద రాలిన చెక్క పొడి గడప మీద అలాగే ఉంది.

"ఇది ఎప్పుడు పెట్టించిన్రు?"

"గది ఖాళీ అయినంక. దొంగలు రాకుండ."

"దొంగలు రాకుండ అంటే తాళం వేస్తరు. గడియ వేసేది లోపలున్నోళ్ళు బయటికి రాకుండ."

"మేడం మాటలు సినిమా లెక్క ఉంటయి," అన్నాడు హరికిషన్. కానీ అతను కూడా ఆ గడియ వైపు రెండోసారి చూశాడు.

లోపల ఏమీ లేదు. మంచం లేదు, బొంత లేదు. నేలను పసుపు నీళ్ళతో కడిగారు. మూలల్లో పసుపు ఎండి గీతలు కట్టింది. అద్దెకున్నవాళ్ళు వెళ్ళిపోతే చీపురుతో ఊడుస్తారు, మరీ శుభ్రం కావాలంటే ఫినాయిల్ వేస్తారు. గది అంతా పసుపు నీళ్ళు ఎవరూ పోయరు. మైల పోవాలనుకుంటే తప్ప.

కల్పలత తలుపు లోపలి వైపు చూసింది. నిలబడి చూస్తే ఏమీ కనిపించలేదు. కూర్చుని చూసింది. మోకాలి ఎత్తులో చెక్క మీద గీతలున్నాయి. సన్నగా, నాలుగు నాలుగు కలిసి, పైనుంచి కిందికి. కొన్ని చోట్ల రంగు ఊడిపోయి లోపలి చెక్క కనిపిస్తోంది. కిందికి వచ్చేకొద్దీ గీతల్లో బలం తగ్గింది. అన్నిటికంటే కింద ఉన్నవి చెక్కను తాకినట్టు మాత్రమే ఉన్నాయి.

"ఇవేంది?"

"పిల్లి మేడం. పిల్లి గీరింది."

"నీసు ముట్టని ఇల్లు మీది. పాలు సుత మిగలనియ్యని ఇల్లు అని గల్లీ అంత చెప్తది. పిల్లి ఏం తిని బతికింది?"

ఓంప్రకాశ్ చేతులు కట్టుకున్నాడు. హరికిషన్ కూడా వంగి గీతలు చూశాడు. వేలు పెట్టబోయి తీసేశాడు.

"పిల్ల లేవలేకపోయింది," కల్పలత అంది. "లేవగలిగితే గీతలు పైన ఉండేవి. కూర్చుని కొట్టింది. తర్వాత పండుకుని కొట్టింది."

"కొట్టిందనే అనుకుందాం," హరికిషన్ గొంతు తగ్గించలేదు. "ఎప్పుడు? పోయిన నెల కొట్టిందేమో. అక్కచెల్లెండ్లు లొల్లి పెట్టుకున్నరేమో. శుక్రవారం అది ఆటోల పోలేదని మీ దగ్గర ఏముంది? నాకు గీతలు కాదు మేడం, రోజు కావాలె. అది బతికున్న చివరి రోజు."

ఆ మాట కల్పలతకు నచ్చకపోయినా అది సరైన మాటే. గీతలకు తేదీ ఉండదు.

ఆమె మెట్లు దిగుతూ మళ్ళీ ఆగింది. మెట్ల కింద చీకటి మూలలో, చీపుర్లు పెట్టే చోట, నేల మీద తెల్లగా ఎండిన మచ్చలున్నాయి. పక్కన నాలుగు బియ్యం గింజలు. ఇటుకకు చుట్టిన దారం ముక్క ఒకటి. దారానికి పసుపు రాసి ఉంది.

"పావురాలు," ఆమె అడగకముందే ఓంప్రకాశ్ అన్నాడు. "తక్లీఫ్ పెడ్తున్నయి."

"పావురం పిట్టగోడ మీద కూసుంటది. మెట్ల కిందికి రాదు. వచ్చినా దాన్ని ఎవరూ దారంతో కట్టరు." ఆమె లేచింది. "ఇది కోడిరెట్ట. మీ ఇంట్లకు కోడి ఎట్లొచ్చింది ఓంప్రకాశ్ గారూ?"

"రాలే."

"జెర ఇక్కడనే ఉండున్రి."

గల్లీ మొదట్లో ఒకే చికెన్ దుకాణం ఉంది. దాని యజమాని అస్లం ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉన్నాడు. కల్పలత పిలిపిస్తే చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. గేటు లోపలికి మాత్రం రాలేదు.

"లోపలికి రండి అస్లం భాయ్."

"వద్దు మేడం. నేనొస్తే పెద్దమ్మ ఇల్లు కడిగిస్తది. అడిగేదేందో ఇక్కడనే అడగండి."

"ఈ ఇంట్లోళ్ళు మీ దగ్గర ఎప్పుడన్న కోడి కొన్నరా?"

అస్లం ఓంప్రకాశ్‌ను చూసి నవ్వు ఆపుకున్నాడు. "నా దుకాణం ముందల నుంచి పోతే రుమాలు ముక్కుకు పెట్టుకునే మనిషి. కానీ కొన్నడు. చిన్న కోడిపిల్ల. కోసియ్యాల్నా అంటే వద్దు, పాణంతోనే గావాలె అన్నడు. పెంచుకుంటవా సేఠ్ అన్న. మాట్లాడకుండ సంచిల వేసుకుని పోయిండు."

"ఏ రోజు?"

"శనివారం పొద్దుగాల. షటర్ తీస్తున్న, నిలబడి ఉన్నడు."

"శనివారమే అని ఎట్ల గుర్తు?"

"శనివారం నాకు గిరాకీ తక్కువ మేడం. మీ హిందువులు సగం మంది తినరు. ఆ రోజు మొదటి బోణీ ఈ సేఠ్ చేసిండంటే మర్చిపోతనా?" అస్లం ఈసారి నవ్వాడు. "అసలు తమాషా ఇంకోటుంది. పొద్దు గూకే యాళ్ళకు అదే కోడిపిల్ల నా దుకాణం ముందల తిరుగుతున్నది. కాలుకు పసుపు దారం. తాడు తెంచుకొచ్చినట్టుంది. తిరిగిచ్చేద్దాం అనుకున్న, సేఠ్ ఇంట్ల లేడు. మళ్ళ బుట్టల వేసిన. ఆదివారం అమ్ముడుపోయింది."

హరికిషన్ పెద్దగా నవ్వాడు. "ఇదా మేడం మీ సాక్ష్యం? సేఠ్‌కు చాటుగ చికెన్ తినాలనిపించింది. ఇంట్ల తెలిస్తే తంతరని మెట్ల కింద దాచుకున్నడు. ఈ కేసు నాది కాదు, పుష్పమ్మది."

"పాణంతో ఎందుకడిగిండు? కాలుకు పసుపు దారం ఎందుకు కట్టిండు? శనివారమే ఎందుకు కొన్నడు?" కల్పలత అతని ముఖంలోకి చూసింది. "ఇన్‌స్పెక్టర్ గారూ, మీ ఇంట్ల ఎవరన్న శనివారం పోయిన్రా?"

హరికిషన్ నవ్వు సగంలో ఆగిపోయింది.

అతనికి తెలుసు. వాళ్ళ తాత శనివారమే పోయాడు. శనివారం పీనుగ తోడు లేకుండా పోదంటారు. ఆ ఇంట్లో ఇంకొకరిని వెంట తీసుకుపోతుందని భయం. అందుకని పాడెకు ఒక కోడిపిల్లను ప్రాణంతో కడతారు, తోడు దక్కింది, ఇంక మా వాళ్ళ జోలికి రాకు అని. హరికిషన్ చిన్నప్పుడు తాత పాడె పక్కన కీచుకీచుమన్న ఆ పిల్లను చూసి ఏడ్చాడు. నీసు తిననివాళ్ళయినా సరే ఆ ఒక్క రోజు కోడి కొనుక్కొస్తారు.

ఇప్పుడతను ఓంప్రకాశ్‌ను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"శనివారం మీ ఇంట్ల ఎవరు పోయిన్రు?"

ఓంప్రకాశ్ గేటు వైపు ఒక అడుగు వేశాడు. చట్టానికి భయపడి ఒక మనిషి ఉందన్న సంగతి దాచాడు. ఆ మనిషి చచ్చిపోయిందన్న సంగతి కూడా దాచాడు. కానీ శనికి భయపడి, పొద్దున్నే తనను ఎరిగిన దుకాణంలోనే కోడిపిల్లను కొన్నాడు. ఆ భయం దాచుకోవాలని అతనికి తోచనే లేదు.

"నన్ను పుష్పమ్మతోని మాట్లాడనియ్యండి," అంది కల్పలత. "మీరు వాకిట్లనే ఉండి వినండి."

పుష్పమ్మ మంచం మీద కూర్చుని తమలపాకుల ఈనెలు తీస్తోంది. డెబ్బై దాటిన మనిషి. కాళ్ళు వాచి ఉన్నాయి. ఎదురుగా టీవీ నడుస్తోంది. కల్పలత టీవీ కట్టేసి ఆమె పక్కన కూర్చుంది. ఈ ముసలామె నిజం చెప్పాలంటే నయంగా అడిగితే లాభం లేదని ఆమెకు అర్థమైంది. అందుకే కటువుగా మొదలుపెట్టింది.

"పెద్దమ్మా, నీమా ఎట్ల పోయింది?"

"నీలమ్మనా? ఆటోల పోయింది బిడ్డ." నీమా పేరు ఆమె నోట అలా మారింది.

"కోడిపిల్లను వెంట పెట్టుకునే పోయిందా?"

తమలపాకు మీద వేళ్ళు ఆగాయి.

"నీకు ఒక్కడే కొడుకు," కల్పలత నెమ్మదిగా అంది. "శనివారం పోయిన మనిషి తోడు అడుగుతది. నువ్వు కోడిపిల్లను కట్టిచ్చినవ్. అది దారం తెంచుకుని అస్లం దుకాణానికి ఉరికొచ్చింది. నీలమ్మకు తోడు దొరకలే. ఒక్కతే ఉన్నది. ఈ ఇంట్ల అంట్లు తోమిన పిల్ల పెద్దమ్మా, ఈ ఇంటి తొవ్వ దానికి బాగ తెలుసు. నీ కొడుకు ఎక్కడ పండుకుంటడో సుత తెలుసు."

వాకిట్లో ఓంప్రకాశ్ "అమ్మా, మాట్లాడకు" అన్నాడు. హరికిషన్ అతని భుజం మీద చెయ్యి వేసి నొక్కాడు.

కల్పలత ముసలామె ఏడుస్తుందనుకుంది. కాళ్ళ మీద పడుతుందనుకుంది. పుష్పమ్మ ఏడవలేదు. తమలపాకును మడిచి పళ్ళెంలో పెట్టింది.

"తెలుసు బిడ్డ," అంది. "గుంత కాడికి పోయినంక చూస్తే కోడిపిల్ల లేదట. గట్టిగ కట్టరా అని చెప్తనే ఉన్న, వింటడా. ఆ రాత్రి నాకు నిద్ర లేదు."

"ఏ గుంత?"

"మౌలాలి అవతల. రాళ్ళు కొట్టిన గుంత, నీళ్ళున్నయట. చాపల చుట్టి, దుకాణం బండిల అగరుబత్తుల డబ్బాల కింద పెట్టి తీస్కపోయిండు. పట్టపగలే. ఎవరడుగుతరు?"

వాకిట్లో హరికిషన్ ఆ చోటు రాసుకున్నాడు.

"ఎట్ల చచ్చిపోయింది?"

"జరమొచ్చింది, పోయింది. నా కొడుకు చెయ్యి సుత లేపలే. దవాఖానకు తీస్కపోతే ఏడుంటది, ఎవరింట్ల ఉంటది, రాయించిన్రా అని అడుగుతరు. వాడు జైలుకు పోతే నన్ను ఎవరు చూస్తరు? గందుకే తలుపేసినం. పండుకుంటే తగ్గుతదనుకున్నం."

"తలుపు కొట్టలేదా?"

"కొట్టింది. పెద్దమ్మా, పెద్దమ్మా అని." పుష్పమ్మ ఆ పిలుపును నీమా గొంతులాగే అంది, కొంచెం వేరే యాసతో. "ఆ మాట నేనే నేర్పిన. శుక్రవారం పొద్దంత పిలిచింది. నీళ్ళు అడిగింది. ఇగ వినలేక టీవీ పెద్దగ పెట్టుకున్న. శనివారం తెల్లారకముందే సప్పుడు ఆగిపోయింది."

ఈ మంచం మీద కూర్చున్న మనిషి కాళ్ళే నీమా రోజూ పట్టింది. కల్పలతకు లేచి వెళ్ళిపోవాలనిపించింది. లేవలేదు. జవాది గురించి ఆలోచించింది. ఇంక ఆమెను పంపించే వీలు లేదు. ఆమె సాక్షి. కనీసం అదొక్కటి గెలిచాం అనుకుంది.

"మరి ఇప్పుడు భయం కాదా పెద్దమ్మా? తోడు పోలేదు కదా."

"ఇప్పుడెందుకు భయం," పుష్పమ్మ ఇంకో తమలపాకు తీసుకుంది. "తోడు కుదిరింది."

"ఎవరు?"

"ఇంకెవరు? దాని చెల్లె. అక్కకు చెల్లె కంటె మంచి తోడు దొరుకుతదా? పరాయోళ్ళతోని పరాయోళ్ళు పోతరు. నా కొడుకు జోలికి రాదు. మళ్ళ ఇది అట్ల కాదు, ఇది పద్ధతిగ. ఈ పిల్ల పేరు సుత రాయిచ్చిండు వాడు, సర్కారు లెక్కల. పేరుంటే ఎవరూ పరేషాన్ చెయ్యరంటగా. జరమొచ్చి పోయిందంటే రాసుకుని పోతరు."

కల్పలత వాకిట్లోకి వచ్చింది. "ఇన్‌స్పెక్టర్ గారూ, జవాది స్టేషన్లనే ఉంది కదా?"

హరికిషన్ ఓంప్రకాశ్ వైపు తిరిగాడు.

"ఉండె. పొద్దుగాల దాక ఉండె." అతని మాటలు ముక్కలుగా వచ్చాయి. "ఆడపిల్లను రాత్రి ఉంచే జాగ లేదు. పంపేదాక నమోదైన అడ్రస్ మీద ఉండాలె, రూలు అది. ఈయనే ముందలకొచ్చిండు. తప్పైంది సార్, ఇప్పుడన్న సక్కగ చేస్త, పూచీ ఇస్త అన్నడు. నా ముందలే ఆన్‌లైన్‌ల నమోదు చేసిండు. నేనే సంతకం పెట్టి పంపిన."

"ఎక్కడికి?"

"మౌలాలికి. ఈయన చెల్లె నవత ఇంటికి. ఆ అడ్రస్ మీదనే నమోదు చేసిండు."

"ఫోన్ చెయ్యండి."

అతను చేశాడు. మోగింది. మోగి మోగి ఆగిపోయింది. జవాది నంబరు కొట్టాడు. స్విచాఫ్ అని వచ్చింది. రూలు తప్పకుండా పనిచేశానని పొద్దున్నుంచి తల ఎత్తుకుని తిరిగిన మనిషి, ఇప్పుడు ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని దాని వంక చూస్తూ నిలబడ్డాడు.

"జీపు తీయించండి," అంది కల్పలత. అతను గేటు వైపు పరుగెత్తాడు.

ఓంప్రకాశ్ గోడ వారగా కిందికి జారి కూర్చున్నాడు. కల్పలత అతని కాలర్ పట్టుకుని ముఖం పైకెత్తింది.

"నవత ఏం చేస్తనన్నది? ఎప్పుడు చేస్తనన్నది?"

"నాకు తెల్వదు మేడం. అమ్మ, నవత మాట్లాడుకున్నరు. నన్ను నమోదు ఒక్కటి చెయ్యమన్నరు, నేను చేసిన. ఈసారి ఏం తప్పు చెయ్యలే. పాస్‌పోర్ట్ నంబరు, వీసా నంబరు, అడ్రస్, అన్నీ సక్కగ నింపిన."

"ఎన్ని రోజులుంటదని రాసినవ్?"

"ఫారంల వచ్చిన తేదీ, పోయే తేదీ రెండూ అడిగిన్రు మేడం," అన్నాడతను, మెప్పు కోసం చూసే పిల్లవాడిలా. "రెండూ ఈ రోజే వేసిన."